సగం పుస్తకంలో బొంబాయి

పేరున్న నగరానికి పోయేముందు ఆ నగరం మీద వచ్చిన పుస్తకాలు చదవాలట, సినిమాలు చూడాలట. ఈమధ్య పేపర్లలోనూ ఫోన్లలోనూ ఇదే పోరు. మొన్న మా బిడ్డ సెలవులకు ఏదో దేశం పోతూ అలాంటి జాబితా ఒకటి చూపించింది. పది పుస్తకాలు, ఐదు సినిమాలు. "నువ్వెప్పుడన్న గిట్ల చేసినవా అమ్మా?" అని అడిగింది, చేసి ఉండదులే అన్న ధీమాతో. చేశాను. పదహారేళ్ల వయసులో ఒకే ఒక్క పుస్తకం, ఒకే ఒక్క సినిమా పెట్టుకొని బొంబాయి మొత్తం నేర్చేసుకున్నాను. దాని పుణ్యమా అని మా ఇంటికి పోలీసులొచ్చారు. జాబితాలు రాసేవాళ్లు ఈ ముక్క ఎక్కడా చెప్పరు.

మాది సిరిసిల్ల. ఇంట్లో నాలుగు సాంచాలుండేవి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. బాపు, అన్న వాటిని నడిపేవాళ్లు. అవ్వ, అంటే మా అమ్మ, నేనూ రాట్నం ముందు కూర్చొని కండెలకు నూలు చుట్టేవాళ్లం. పదో తరగతి దాకా చదివాను. మా ఇంట్లో హిందీ అక్షరాలు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. కొంచెం ఏంటి, బాగానే ఉండేది.

బాపు తువ్వాళ్ల మూట వేసుకొని కోరుట్ల అంగడికి పోయేవాడు. మా పోరు పడలేక అప్పుడప్పుడు అన్ననూ నన్నూ వెంట తీసుకుపోయేవాడు. కోరుట్ల బస్టాండు పక్కన అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణం ఒకటుండేది. దాన్ని నడిపే పెద్దమనిషిని అందరూ చాచా అనేవాళ్లు. ఇంట్లో ఉర్దూ, గిరాకీతో తెలుగు. తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. అయినా ఏ పుస్తకంలో ఏముందో గడగడా చెప్పేవాడు. చదివి తిరిగి తెచ్చిచ్చేవాళ్లను నిలబెట్టి కథ చెప్పించుకునేవాడు, అదీ ఆయన చదువు. మేం బొంబాయి గురించి ఏదైనా ఉందా అని అడగ్గానే వెతుక్కోకుండా ఒక పుస్తకం తీశాడు.

"గీ బుక్కు తీస్కపో బేటీ. దుబాయి పోయెటోళ్లంత గిదే సదువుతరు. బొంబాయిల వీసా కోసం నెలలకు నెలలు పడి ఉండాలె గదా, ఊరు తెల్వకపోతే ఎట్ల?"

ఆ పుస్తకానికి అట్ట లేదు. మొదటి ఎనిమిది పేజీలు లేవు. కాబట్టి దాని పేరేంటో, రాసిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. దుబాయి పోయేవాళ్ల చేతుల్లో నలిగి నలిగి పేజీలు తువ్వాలంత మెత్తగా అయ్యాయి. అదొక డిటెక్టివ్ నవల. హీరో సముద్రానికి ఎదురుగా పాత మేడలో మూడో అంతస్తు మీద అద్దెకుంటాడు. ఇంటావిడ ఒక ముసలమ్మ. ఆమె దగ్గరొక పచ్చ చిలుక ఉంటుంది, అది మెట్లెక్కి వచ్చినవాణ్నల్లా తిడుతుంది. కింద చాయ్ హోటల్లో గోడగడియారం ఎప్పుడూ పది నిమిషాలు వెనక నడుస్తుంది. హత్యలు కూడా జరుగుతాయి గానీ మాకు వాటి మీద అంత పట్టింపు లేదు. మాకు కావాల్సింది మూడో అంతస్తు, కిటికీ, ఆ కిటికీలో సముద్రం.

సినిమా జగిత్యాలలో చూశాం. హిందీ సినిమా, అంతా బొంబాయే. పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రాడు రేకుపెట్టెతో స్టేషన్లో దిగుతాడు. ఫుట్‌పాత్ మీద పడుకుంటాడు. మేం నోళ్లు తెరుచుకొని చూస్తుండగా సగంలో లైట్లు వెలిగాయి. పోలీసులు లోపలికి వచ్చి వరసవరసనా కుర్రాళ్ల మొహాలు చూసుకుంటూ పోయారు. అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, వెతుకులాట. ఆ రోజుల్లో అది మామూలే. బస్సులో చూసేవాళ్లు, అంగట్లో చూసేవాళ్లు, సినిమా హాల్లోనూ చూసేవాళ్లు. అన్న మొహం మీద కూడా టార్చి వేసి చూసి ముందుకు పోయారు. అసలు కొంప ముంచింది ఏంటంటే, లోపలి ఆపరేటర్ భయంతో రీలు ఆపడం మరిచిపోయాడు. వెలుతురులో తెర మీద ఏమీ కనబడలేదు. లైట్లు ఆర్పేసరికి రేకుపెట్టె కుర్రాడు కారు దిగుతున్నాడు. కోటు కూడా వేసుకున్నాడు. వాడికి ఆ కారు ఎలా వచ్చిందో హాల్లో ఒక్కడికీ తెలియదు. మా అన్న మాత్రం, మధ్యలో ఏం జరిగితేనేం, చివరికి కారు వచ్చింది కదా అని ఆ లెక్కనే మనసులో పెట్టుకున్నాడు.

పుస్తకం కోసం మేమిద్దరం కొట్టుకున్నాం. నేనటు, అన్న ఇటు గుంజితే కుట్టు తెగి సరిగ్గా నడుమకు రెండు ముక్కలైంది. చదవడంలో అన్న నాకంటే ముందున్నాడు కాబట్టి వెనక సగం వాడికి, ముందు సగం నాకు. చదివాక మార్చుకోవాలని ఒప్పందం. మార్చుకోకముందే అన్న బొంబాయి వెళ్లిపోయాడు, వెనక సగం పెట్టెలో పెట్టుకొని. అన్న పోయినందుకు అవ్వ ఏడ్చింది. హంతకుడెవరో తెలియకుండా పోయినందుకు నేనేడ్చాను.

అన్న పోవడానికి కారణం సినిమా ఒక్కటే కాదు. అప్పట్లో ఇరవై ఏళ్ల కుర్రాడు ఇంట్లో ఉంటే ఎందుకున్నావని అడిగేవాళ్లు, లేకపోతే ఎక్కడికి పోయాడని అడిగేవాళ్లు. రెండు రోజులు కనబడకపోతే చాలు, అన్నల్లో కలిసిండు, అడివిలకు పోయిండు అని వాడంతా చెవులు కొరుక్కునేది. అవ్వకు భయం పట్టుకుంది. ఎక్కడికైనా పో, బతికుండు అని తనే సాగనంపింది. అన్న బస్సెక్కుతూ వాడ జనం అందరి ముందూ గట్టిగా అన్నాడు, "మళ్ల జన్మల సాంచ ముట్ట. బొంబాయిల ఏదన్న ఆఫీసుల చూస్కుంట." అన్న పోయాక వాడి రెండు సాంచాలు కూడా బాపే నడుపుకున్నాడు.

రెండు నెలలకు మొదటి ఉత్తరం వచ్చింది. మా వాడలో ఉత్తరం అంటే ఒకరింటి సొమ్ము కాదు. మధ్యాహ్నం కండెలు చుట్టే ఆడవాళ్లందరూ రాట్నాలు తెచ్చుకొని మా వసారాలో కూర్చునేవాళ్లు. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే చెవులు నాకిచ్చేవాళ్లు. నేను మధ్యలో నిలబడి చదవాలి. చదివాను. అన్న ఒక పాత మేడలో మూడో అంతస్తు మీద ఉంటున్నాడట. కిటికీ తెరిస్తే సముద్రమట. ఇంటావిడ ముసలామెనట. ఆమె దగ్గర ఒక చిలుక ఉందట.

చిలుక దగ్గరికి వచ్చేసరికి ఇది మా పుస్తకంలోదే అని తెలిసిపోయింది. నాకు పేజీ నంబరు కూడా గుర్తొచ్చింది.

వసారా మాత్రం చిలుకను చూసి మురిసిపోయింది. ఒకామె, "ఏం తిట్లు తిడతదట?" అంది. ఇంకొకామె, "మనోని భాషల తిడతదా, ఆళ్ల భాషల తిడతదా?" అంది. ఆ తర్వాత ఏ ఉత్తరం వచ్చినా ముందు అడిగేది చిలుక క్షేమమే, తర్వాతే మా అన్న. అవ్వ మాత్రం ప్రతిసారీ ఒక్కటే అడిగేది.

"పనేందో రాసిండా బిడ్డా?"

రాయలేదు. పదో ఉత్తరానికి కూడా రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు తెలుసు. పుస్తకంలో హీరో డిటెక్టివ్. ఆ ఒక్క ముక్క మాత్రం ఎత్తి రాయడానికి అన్నకు ధైర్యం చాలలేదు.

మొదట్లో నాకు నవ్వొచ్చింది. దొంగనా కొడుకు, చివరికి కాపీ కొట్టాడు కదా అనుకున్నాను. తర్వాత నవ్వు తగ్గి భయం మొదలైంది. బొంబాయిలో ఉన్నవాడు బొంబాయిని పుస్తకంలోంచి తీసి ఎందుకు రాస్తాడు? అక్కడ లేనివాడే కదా అలా రాయాలి. మరి ఎక్కడున్నాడు? ఉత్తరం మీద బొంబాయి పోస్టు ముద్ర ఉండేది, నిజమే. కానీ అడవిలోకి పోయినవాళ్ల ఉత్తరాలు వేరే ఊళ్ల నుంచి వేరే మనుషులు వేస్తారని వాడలో చెప్పుకునేవాళ్లు. అవ్వకు చదువు రాదు. అయినా ఎదురుకాల్పులు జరిగాయని తెలిసిన ప్రతి రోజూ చాయ్ దుకాణానికి పోయి పేపరడిగి అందులోని ఫోటోలు చూసి వచ్చేది. వచ్చి మళ్లీ రాట్నం ముందు కూర్చునేది. నాకు తెలిసింది అవ్వకు ఎలా చెప్పను? చెప్పలేదు. ఉత్తరాలు ఇంకా బాగా, గొంతు మార్చి మార్చి చదివాను. నా జీవితంలో అంత భయపడుతూ అంత బాగా ఇంకేదీ చదవలేదు.

అంతలో ఒక ఉత్తరంలో చిలుక చచ్చిపోయింది. ఎవరో దానికి విషం పెట్టారట. వసారాలో రాట్నాలు ఆగిపోయాయి. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. నేను కూడా ఏడ్చాను, కానీ సంతోషంతో. నా దగ్గరున్న సగంలో చిలుక శుభ్రంగా బతికే ఉంది. అంటే ఇది పుస్తకంలోది కాదు. నిజంగా బొంబాయిలో, నిజం చిలుక నిజంగా చచ్చింది. అన్న అక్కడే ఉన్నాడు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

వారం తిరక్కుండానే ఎస్సై వచ్చాడు. పగటిపూట, ఇద్దరు కానిస్టేబుళ్లతో. వాడలో ఊరిడిచిన కుర్రాళ్ల పేర్లు రాసుకుంటున్నారట. కోస్తా వైపు మనిషి. కేకలేమీ వేయలేదు. అవ్వ ఇచ్చిన నీళ్లు తాగి మంచం మీద కూర్చున్నాడు.

"మీ అబ్బాయి ఎక్కడమ్మా?"

"బొంబాయిల ఉన్నడు సారు. ఉత్తరాలు గూడ రాత్తడు," అంది అవ్వ. నా వైపు చూసి, "తే బిడ్డా, సారుకు సూపెట్టు," అంది గర్వంగా. తెచ్చిచ్చాను.

ఎస్సై మొదటిది చదివాడు. రెండోది చదివాడు. మూడోదానికి వచ్చేసరికి మీసాల కింద నవ్వు మొదలైంది. "ఈ చిలకని నేనెరుగుదునమ్మాయ్," అన్నాడు. "కాలేజీలో ఉండగా చదివాను. మంచి నవల."

ఆయన మిగతావి తిరగేస్తూ పోయి చివరి ఉత్తరం దగ్గర ఆగాడు. "చచ్చిపోయిందా పాపం? అవునవును, విషం పెట్టి చంపుతారు. రెండో సగంలో."

అంటే చిలుక చావు కూడా పుస్తకంలోదే. ఎస్సై అన్నీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బొంబాయిలో ఉన్నవాడికి బొంబాయిని పుస్తకంలోంచి ఎత్తి రాయాల్సిన ఖర్మేంటమ్మా? పదిహేను రోజులు టైమిస్తున్నా. మనిషినైనా తీసుకురండి, అక్కడున్నట్టు నేను నమ్మే సాక్ష్యమైనా తీసుకురండి. లేదంటే వీడి పేరు వేరే లిస్టులో రాసుకోవాలి."

ఆ వేరే లిస్టు ఏంటో మాకెవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. వాళ్లు పోయాక అవ్వ నా ముందుకొచ్చి నిలబడింది. "నీకు ఎర్కేనా?" అని అడిగింది. తలూపాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

మర్నాడే నేనూ బాపూ బయల్దేరాం. బాపుకు తెలుగే కూడబలుక్కొని చదవడం వచ్చు, హిందీ బోర్డులు చదవడానికి నన్ను వెంటేసుకున్నాడు. అవ్వ సకినాలు మూటకట్టి ఇచ్చింది. కొడుకు అక్కడ లేడని తెలిసినా కట్టిందో, ఉన్నాడని మొండిగా నమ్మి కట్టిందో నేను అడగలేదు. నిజామాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు, మధ్యలో ఇంకో రైలు. దారి పొడుగునా బాపు సకినాల మూట ఒళ్లోంచి దించలేదు.

బొంబాయిలో దిగాం. నా లెక్క ప్రకారం స్టేషన్ బయటికి రాగానే ఎడమ చేతివైపు సముద్రం ఉండాలి. సినిమాలో అలాగే ఉంది. బయట ఉన్నది మూత్రం వాసన, ఎర్ర బస్సులు, ఊరంత జనం. బాపు మూడు వైపులా చూసి నన్ను అడిగాడు.

"ఏది బిడ్డా నీ సముద్రం?"

నా సముద్రమట. నేనేదో జేబులో వేసుకొచ్చినట్టు. ఒళ్లు మండింది గానీ మూసుకొని బోర్డులు చదువుకున్నాను. ఉత్తరాల వెనక ఒక చాయ్ హోటలు చిరునామా ఉండేది. అడుగుతూ అడుగుతూ పోతే మధ్యాహ్నానికి దొరికింది. నడిపేది మన వైపు మనిషే, కొడిమ్యాల దగ్గరివాడు. మా మాట వినగానే బల్ల తుడిచి చాయ్ పెట్టాడు. గోడ మీద గడియారం ఉందేమోనని నా కళ్లు వాటంతటవే వెతికాయి. లేదు. దేవుడి క్యాలెండరు మాత్రం ఉంది.

"మీ పిలగాడు గీడెందుకుంటడు కాకా?" అని నవ్వాడు హోటలాయన. "ఆడు భీవండిల ఉన్నడు. ఎవరన్న గీడికి అచ్చెటోళ్ల చేత ఉత్తరం పంపిత్తడు, నేను డబ్బల ఏత్త. బొంబాయి ముద్ర పడాల్నట."

భీవండి అన్న మాట వినగానే బాపు చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఆయన నవ్వుతున్నాడు, భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా. భీవండి అంటే ఏంటో సిరిసిల్లలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అక్కడ సాంచాలు తప్ప ఇంకేమీ ఉండవు.

బస్సు దిగకముందే ఆ చప్పుడు వినబడింది. టకటకా టకటకా, సందు సందులో అదే. రెండు రైళ్లెక్కి అంత దూరం పోయి మళ్లీ మా వాడలోనే దిగినట్టుంది. మూడు షెడ్లలో అడిగాక నాలుగో దాంట్లో కనబడ్డాడు. బనీను మీద ఉన్నాడు. వెంట్రుకల నిండా నూలు దుమ్ము పట్టి మా తాతలాగా అయ్యాడు. మమ్మల్ని చూశాడు. అదే క్షణంలో ఒక సాంచ మీద పోగు తెగింది. అన్న మా వైపు రాబోయి, ఆగి, వెనక్కి తిరిగి తెగిన పోగు ముడేసి, సాంచ నడిపించి అప్పుడొచ్చాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బతికున్నాడు. అడవిలో లేడు, పేపర్ల ఫోటోల్లో లేడు, నా ముందు బనీను మీద నిలబడి ఉన్నాడు. వెంటనే, చెంప మీద ఒకటి ఇవ్వాలన్నంత కోపం కూడా వచ్చింది.

బాపు సకినాల మూట చేతికిచ్చి అడిగిన మొదటి మాట ఇది:

"చిలుక ఏడున్నదిరా?"

అన్న మమ్మల్ని షెడ్డు బయటికి తీసుకొచ్చాడు. గోడ నీడలో కూర్చున్నాం. ఎస్సై సంగతి నేను చెప్పాను. వేరే లిస్టు అనగానే వాడి మొహం తెల్లబోయింది.

"మరేం రాయాలె చెల్లె?" అన్నాడు. "సాంచ ముట్టనని అందరి ముంగట ఒర్రి అచ్చిన. ఆఫీసులల్ల తిరిగిన, నీకేం వచ్చు అని అడిగిండ్రు. సాంచ నడుపుడు వచ్చన్న. గీడికి తోలిండ్రు. గదే సాంచ నడుపుతందుకు ఇంత దూరం అచ్చిన అని రాయాల్నా? నువ్వు వసారాల నిలవడి గది చదువుతవా?"

"సముద్రమన్న చూసినవా?" అన్నాను.

"ఏడ చూసిన? శుక్రవారం కరెంటుండది, గా ఒక్కనాడు బట్టలు ఉతుక్కొని పండుకుంట."

ఏడాదిన్నర నుంచి మా వాడ ఆడవాళ్లను కిటికీలో సముద్రం చూపించి ఏడిపించి నవ్వించినవాడు దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మాకు కలిసొచ్చి మర్నాడు శుక్రవారం. ముగ్గురం కలిసి పోయాం. సముద్రం ఉంది, కాదనను. చాలా ఉంది. అన్న ప్యాంటు మడిచి మోకాళ్ల దాకా దిగి, నా వైపు తిరిగి, "పుస్తకంల గిట్లనే ఉన్నదా?" అని అడిగాడు. "పుస్తకంల వాసన రాలే," అన్నాను. బాపు దోసిట్లో నీళ్లు తీసుకొని నాలుక మీద వేసుకొని ఉమ్మేశాడు. "గిన్ని నీళ్లుండి ఏం ఫాయిదా? ఒక్క లచ్చి నూలుకు రంగు అద్దరాదు," అని గట్టు మీద కూర్చున్నాడు. బొంబాయి సముద్రం గురించి నేను విన్న మాటల్లో ఇదొక్కటే ఏ పుస్తకంలోనూ లేనిది.

ఇక సాక్ష్యం మిగిలింది. అన్న మాతో వస్తే షెడ్డులో పని పోతుంది, అక్కడ ఠాణా చుట్టూ తిరగడం మొదలవుతుంది. బాపు తేల్చేశాడు. "ఉత్తరం రాయి. అబద్ధం ఒక్కటి ఉండద్దు. షెడ్డు సేటుతోని దస్కతు పెట్టియ్యి." అన్న షెడ్డు కాగితం మీద 'అవ్వకు' అని రాసి ఆగిపోయాడు. మూడో అంతస్తు గురించి పేజీలకు పేజీలు రాసిన చెయ్యి మూడు గంటలు కదలలేదు. చివరికి ఒక్క పేజీ రాశాడు. సేటు సంతకం పెట్టి ముద్ర కొట్టాడు.

తిరుగు రైల్లో, అన్న ఇచ్చిన వెనక సగం పుస్తకం చదివేశాను. ఆత్రంగా చివరి పేజీకి వచ్చాను. హంతకుడు ఎవరో మొదటి ఎనిమిది పేజీల్లో కనబడి పోయినవాడట. ఆ పేజీలు లేవు. వాడెవడో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు సగాలనూ అన్న సాంచ మీది నూలుతో కుట్టి తర్వాత చాచాకు అప్పగించాను. కథ చెప్పమన్నాడు. మా అన్న కథ చెప్పాను. ఇది బుక్కులో ఎక్కడుంది అని ఆశ్చర్యపోయాడు.

ఎస్సై ఆ ఒక్క పేజీని రెండుసార్లు చదివాడు. ఈసారి నవ్వలేదు. "నమ్ముతున్నా," అన్నాడు. "ఇంత చప్పటి సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు." లిస్టులో మా అన్న పేరు కొట్టేసి, పాత ఉత్తరాలతో పాటు దీన్నీ తిరిగిచ్చేశాడు. ఠాణా బయటికి వచ్చాక బాపు మెట్ల మీద కూర్చుండిపోయాడు.

ఆ మధ్యాహ్నం వసారా నిండిపోయింది. బొంబాయి చూసొచ్చిన పిల్ల ఉత్తరం చదవబోతోందని పక్క సందు వాళ్లు కూడా రాట్నాలు ఎత్తుకొచ్చారు. మధ్యలో నిలబడ్డాను. చేతిలో అన్న రాసిన నిజం ఉంది. చుట్టూ వాణ్ని బస్సు దగ్గర సాగనంపిన మొహాలున్నాయి. వీళ్ల ముందే కదా మళ్లీ సాంచ ముట్టనన్నది. అవ్వ వైపు చూశాను. ఆమెకు బాపు అప్పటికి ఒక్క మాటే చెప్పాడు, పిలగాడు బతికున్నడని. అంతకంటే ఏమీ అడగకుండా ఆమె రాట్నం తిప్పుతోంది.

కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాను. "వానకాలం వచ్చింది. సముద్రం మీద మబ్బు దిగింది. ఇంటావిడ కొత్త చిలుకను తెచ్చింది..." వసారా అంతా హమ్మయ్య అంది. ఒకామె, "ఇది గూడ తిడతదా?" అని అడిగింది. తిడుతుందని చెప్పాను. రెండు కొత్త తిట్లు కూడా నేనే కల్పించి ఇచ్చాను. ఆ కొత్త చిలుక వెనక సగంలో కూడా లేదు, పూర్తిగా నాది.

పొద్దు వాలేసరికి అందరూ వెళ్లిపోయారు. అవ్వ రాట్నం ఆపింది. లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి, వచ్చి నా ముందు నేల మీద కూర్చుంది.

"ఇగ అసలుది చదువు," అంది.

చదివాను. 'అవ్వకు. నేను భీవండిలో ఉన్నాను. ఎనిమిది సాంచాలు చూస్తున్నాను. తెల్ల బట్ట, లంగాలకు పోయేది. పన్నెండు గంటల పని. సాంచాల మీది అటక మీద పండుకుంటున్నాను. చప్పుడుకు మొదట నిద్ర రాకపోయేది, ఇప్పుడు ఆ చప్పుడు ఉంటేనే వస్తున్నది, ఇంట్లో పండుకున్నట్టే ఉంటది. పోగు తెగితే నువ్వు నేర్పిన ముడే వేస్తున్నాను. ఇక్కడోళ్ల ముడి లావుంటది, బట్టలో కనబడతది. నాది కనబడది. సేటు కూడా అన్నాడు.'

అంతే ఉంది. అవ్వ చెయ్యి చాపి కాగితం మీద ఎక్కడో ఒకచోట వేలు పెట్టింది. ఆమెకు చదవడం రాదు, అక్కడ సేటు ముద్ర ఉంది.

"ముడి కాడ మల్ల చదువు."

మళ్లీ చదివాను. ఇంకోసారి అంది. ఇంకోసారి చదివాను. అప్పుడు ఎస్సై తిరిగిచ్చిన పాత ఉత్తరాల కట్ట మొత్తం తీసి పొయ్యి పక్కన పిడకల మీద పడేసింది. ఈ ఒక్కదాన్నీ నాలుగు మడతలు పెట్టి రైకలో దోపుకుంది.

"ఇగో, గిప్పుడు అచ్చింది ఉత్తరం," అంది.